భద్రత, గోప్యత, నిఘా: సమతూకం సాధించడం ఎలా?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• భద్రత, గోప్యత, నిఘా అనే మూడు భావనల మధ్య గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• గోప్యత ప్రాథమిక హక్కుగా ఎలా గుర్తింపు పొందిందో తెలుసుకుంటారు.
• ఒక నిఘా చర్య న్యాయసమ్మతమో కాదో నాలుగు పరీక్షల ఆధారంగా నిర్ణయించగలుగుతారు.
• తెలంగాణ అనుభవాలను ఈ పరీక్షలతో సరిపోల్చి విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం గ్రామం రాతి క్వారీలకు, కంకర క్రషర్లకు పేరున్న ఊరు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలోని ఇతర గ్రామాల మాదిరిగానే ఇక్కడా దారుల మీద టిప్పర్లు తిరుగుతుంటాయి, పనికోసం వచ్చినవారు కనిపిస్తుంటారు. ఇలాంటి ఊరి కూడలిలో ఒక సీసీ కెమెరా ఉందనుకోండి. ఒక రాత్రి టిప్పర్ ఒక సైకిలిస్టును ఢీకొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. కెమెరాలో నమోదైన బండి నంబరు ఆ కుటుంబానికి న్యాయం దక్కేలా చేస్తుంది. మరో రోజు ఊరివాళ్లు నలుగురు అదే కూడలిలో నిలబడి, క్రషర్ దుమ్ముపై ఫిర్యాదు రాసి సంతకాలు చేశారు. ఆ సంతకాలు పెట్టినవాళ్లెవరో క్రషర్ యజమానికి తెలియడానికి కూడా ఆ కెమెరాయే దారి కావచ్చు. ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఈ పాఠంలోని అసలు సమస్య అంతా ఇందులోనే ఉంది. కెమెరా ఒకటే, దృశ్యాలు ఒకచోటే ఉన్నాయి. ఒకసారి అది మనిషిని కాపాడింది, మరోసారి మనిషి నోరు మూయించగలిగింది. తేడా కెమెరాలో లేదు. ఆ దృశ్యాలను ఎవరు, ఏ పనికి, ఏ నియమం కింద చూశారన్న దానిలో ఉంది.

2. మూడు భావనలు

డిజిటల్ భద్రత అంటే మన సమాచారం, ఖాతాలు, పరికరాలు ఇతరుల చేతిలో పడకుండా, చెడిపోకుండా ఉండటం. గోప్యత అంటే మన గురించి ఎవరికి ఏమి తెలియాలో నిర్ణయించుకునే అధికారం మన చేతిలో ఉండటం. గోప్యత అంటే రహస్యం కాదు. మీ జీతం ఎంతో బ్యాంకుకు తెలుసు, మీ జబ్బు ఏమిటో డాక్టరుకు తెలుసు. ఆ విషయాలు వారి దగ్గరే ఉండాలన్న మీ హక్కే గోప్యత. నిఘా అంటే ఒక వ్యక్తిని లేదా సమూహాన్ని ఒక ప్రయోజనం కోసం నిరంతరంగా గమనించడం, ఆ సమాచారాన్ని నమోదు చేయడం.

సాధారణంగా భద్రతను ఒక పళ్లెంలోను, గోప్యతను మరో పళ్లెంలోను పెట్టి తూచుతారు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుందంటారు. ఈ పోలిక పాక్షికంగానే సరైనది. ప్రజల సమాచారాన్ని పెద్దఎత్తున పోగుచేసి, దానికి కాపలా లేకుండా వదిలేస్తే గోప్యతతోపాటు భద్రత కూడా దెబ్బతింటుంది. 5.2 విభాగంలో దీనికి ఒక ఉదాహరణ చూస్తారు.

3. గోప్యత హక్కు: 1962 నుంచి 2017 వరకు

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని అనుమానితుల జాబితాలో చేర్చి పోలీసులు నిఘా పెట్టారు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టివేసింది. కాని, మన రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదని అధికసంఖ్యాక న్యాయమూర్తులు చెప్పారు. దీనితో విభేదించినవారిలో రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒకరు. గోప్యత అనేది వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని, నిఘా నీడలో తిరిగే మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్లు కాదని ఆయన భావించారు. ఆయన తరువాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఆ అభిప్రాయం చట్టంగా మారడానికి యాభై ఏళ్లు దాటింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 21వ అధికరణంలోని జీవించే హక్కులోను, మూడో భాగంలోని ఇతర స్వేచ్ఛలలోను అది ఇమిడి ఉందన్నది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు.

4. నాలుగు పరీక్షలు

గోప్యత హక్కు ఉందంటే ప్రభుత్వం ఏ నిఘా పెట్టకూడదని అర్థం కాదు. ఏ ప్రాథమిక హక్కుకైనా సహేతుకమైన పరిమితులు ఉంటాయి. పుట్టస్వామి తీర్పులోని అభిప్రాయాల నుంచి ఈ నాలుగు పరీక్షలు వచ్చాయి.

మొదటిది చట్టబద్ధత. నిఘాకు ఒక చట్టం ఆధారంగా ఉండాలి. అధికారి మౌఖిక ఆదేశం చాలదు.
రెండోది న్యాయమైన ప్రయోజనం. నేర నిరోధం, దేశభద్రత, సంక్షేమ నిధుల దుర్వినియోగాన్ని అరికట్టడం వంటివి న్యాయమైనవే.
మూడోది అనుపాతత. ప్రయోజనానికి అవసరమైనంత మేరకే జోక్యం ఉండాలి. దోమను చంపడానికి గొడ్డలి తీయకూడదు.
నాలుగోది రక్షణ విధానం. దుర్వినియోగం జరగకుండా తనిఖీ, నమోదు, ఫిర్యాదుకు వీలు ఉండాలి.

ఇప్పుడు వీటిని లక్డారం కూడలి కెమెరాకు అన్వయించండి. దీనికి చట్టం ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది, అంతకంటే ఎక్కువమంది చేరే స్థలాల నిర్వాహకులు కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని, పోలీసులు అడిగితే ఇవ్వాలని అది చెబుతుంది. అదే ఏడాది ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయని గుర్తుచేసుకుంటే, ప్రయోజనం న్యాయమైనదే అని ఒప్పుకుంటాం. నగర పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద కాలనీవాసులు చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నారు. కనుక మొదటి రెండు పరీక్షలలో ఈ కెమెరా నెగ్గుతుంది. మూడో, నాలుగో పరీక్షల దగ్గర ప్రశ్నలు మొదలవుతాయి. దృశ్యాలు చూసేవారి పేర్లు ఎక్కడైనా రాస్తున్నారా? 30 రోజుల తరువాత చెరిపేస్తున్నారా? చందా ఇచ్చిన పరిశ్రమ యజమాని తన ఫోనులో వాటిని చూడగలడా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరకని చోట కెమెరా ప్రజలది కాదు, దాన్ని అదుపులో పెట్టుకున్నవాడిది.

5. తెలంగాణ అనుభవాలు

5.1 ముఖ గుర్తింపు

తెలంగాణ పోలీసులు 2018లో ముఖ గుర్తింపు సాంకేతికతను తమ యాప్‌లో చేర్చారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఇంటిగ్రేటెడ్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌ను 2022 ఆగస్టులో ప్రారంభించారు. కెమెరా దృశ్యాన్ని నమోదు చేస్తుంది, ముఖ గుర్తింపు ఆ దృశ్యంలోని మనిషిని పేరుతో సహా చెబుతుంది. రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్కు తీయమని చెప్పి ఫొటో తీశారు. ఆ ఫొటో ఎందుకు, ఎక్కడ దాస్తారని ఆయన ప్రశ్నించారు, తరువాత హైకోర్టును ఆశ్రయించారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు జారీ చేసింది. ఆయన పిటిషన్‌లోని ముఖ్య వాదన మన మొదటి పరీక్షే: ముఖ గుర్తింపుకు ప్రత్యేక చట్టం ఏది?

5.2 వేలిముద్రల చౌర్యం

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసుకుని, వాటితో రబ్బరు ముద్రలు చేసి, వేలాది సిమ్ కార్డులను ఇతరుల పేర్ల మీద వాడుకలోకి తెచ్చాడని తేలింది. ఇక్కడ ప్రభుత్వం ఎవరిపైనా నిఘా పెట్టలేదు. భూమి హక్కును రుజువు చేయడానికి రైతు ఇచ్చిన వేలిముద్రను బహిరంగంగా ఉంచింది, అంతే. పాస్‌వర్డు దొంగతనమైతే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేం. గోప్యతను పట్టించుకోని చోట భద్రత కూడా పోతుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

5.3 రేషన్ కార్డుల రద్దు

తెలంగాణ ప్రభుత్వం వివిధ శాఖల సమాచారాన్ని అనుసంధానించి ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను రూపొందించింది. అనర్హులను గుర్తించడం దాని ప్రయోజనాలలో ఒకటి. అయితే కంప్యూటర్ లెక్కల ఆధారంగా, ఇంటికి వెళ్లి విచారించకుండా రేషన్ కార్డులు రద్దు చేశారన్న ఆరోపణపై కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఇక్కడ కోల్పోయింది గోప్యత ఒక్కటే కాదు, నోటి దగ్గరి బియ్యం కూడా. యంత్రం తప్పు చెప్పినప్పుడు మనిషి తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలి. మన నాలుగో పరీక్ష అదే.

5.4 ఫోన్ల ట్యాపింగ్

పీయూసీఎల్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఫోన్ సంభాషణ గోప్యతలో భాగమని చెప్పి, ట్యాపింగుకు నియమాలు పెట్టింది. దాని ఫలితంగా వచ్చిన విధానం ప్రకారం రాష్ట్రంలో హోం కార్యదర్శి ఆదేశం ఉండాలి. ఆ ఆదేశం 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు మించకూడదు. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన గల సమీక్ష సంఘం వాటిని పరిశీలించాలి. ఈ గొలుసులో న్యాయమూర్తి ఎక్కడా లేడని గమనించండి. అనుమతించేదీ, సమీక్షించేదీ ప్రభుత్వ అధికారులే.

2024 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఒక కేసు నమోదైంది. మావోయిస్టుల కదలికలను గమనించే ప్రత్యేక విభాగంలోని అధికారులు, గత ప్రభుత్వ కాలంలో ప్రతిపక్ష నాయకులు, తదితరుల ఫోన్లపై అక్రమంగా నిఘా పెట్టారని, హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే ఆరోపణ స్వరూపం మనకు ఒక పాఠం చెబుతుంది. ఒక ప్రయోజనం కోసం ఏర్పడిన యంత్రాంగం, కాపలా లేనప్పుడు, మరో ప్రయోజనానికి తేలికగా మళ్లుతుంది.

6. ‘తప్పు చేయనివారికి భయమెందుకు?’

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడిగేవారు. మంచి ప్రశ్నే. పైన చెప్పిన ధర్మారం రైతులు ఏ తప్పూ చేయలేదు. కార్డు పోగొట్టుకున్న కుటుంబాలలో చాలామంది ఏ తప్పూ చేయలేదని వాదించారు. లక్డారం కూడలిలో ఫిర్యాదు రాసినవాళ్లు చేసిన పని పౌరుడి కర్తవ్యం. ‘తప్పు’ ఏమిటో నిర్ణయించేది చూసేవాడే అయినప్పుడు, తప్పు చేయకపోవడం రక్షణ కాదు. తనను ఎవరో గమనిస్తున్నారని అనుకునే మనిషి సంఘానికి వెళ్లడం, సమావేశంలో మాట్లాడటం మానేస్తాడు. ఎవరూ నిషేధించకుండానే హక్కు వాడిపోతుంది.

7. 2023 చట్టం

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థలు మన సమ్మతి తీసుకోవాలి, సమాచారాన్ని ఏ పనికి తీసుకుంటున్నారో చెప్పాలి, భద్రంగా ఉంచాలి. విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. ఇది పెద్ద ముందడుగు. అయితే దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలను ఈ చట్టం నుంచి పూర్తిగా మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచార నిబంధనను కూడా ఇది మార్చింది. ప్రజాప్రయోజనం కోసం అధికారుల వివరాలు అడిగేవారికి ఇది ఆటంకమవుతుందని విమర్శకుల వాదన. పౌరుడి గోప్యతను కాపాడే చట్టం ప్రభుత్వ గోప్యతకు గొడుగు కాకూడదన్నది వారి ఆందోళన.

8. పౌరుడిగా మీరు చేయగలిగినవి

• ఎం-ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. అవసరమైనప్పుడు మాత్రమే తెరవండి.
• ఆధార్ కాపీ ఇవ్వవలసివస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే కాపీ చాలునేమో అడగండి. జిరాక్సు మీద ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో సహా రాయండి.
• మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోండి.
• ఆన్‌లైన్ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.
• మీ ఊరి కెమెరాల గురించి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: ఎన్ని ఉన్నాయి, ఎవరు చూస్తారు, ఎన్ని రోజులు దాస్తారు? సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.

9. సారాంశం

భద్రత, గోప్యతలలో ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలనుకోవడం సరికాదు. నిఘా కావాలా వద్దా అన్న ప్రశ్న కన్నా, అది ఏ చట్టం కింద, ఏ ప్రయోజనానికి, ఎంత మేరకు, ఎవరికి జవాబుదారీగా జరుగుతున్నదన్న ప్రశ్న ముఖ్యం. ఈ నాలుగింటికీ సమాధానం ఉన్న నిఘా ప్రజలను కాపాడుతుంది. సమాధానం లేని నిఘా అధికారాన్ని మాత్రమే కాపాడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గోప్యతకు, రహస్యానికి తేడా ఏమిటి?
2. 1962 తీర్పులో జస్టిస్ కోకా సుబ్బారావు అభిప్రాయం ఏమిటి?
3. ధర్మారం సంఘటన భద్రతకు, గోప్యతకు గల సంబంధం గురించి ఏమి తెలుపుతుంది?

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. నిఘా చర్యకు వర్తించే నాలుగు పరీక్షలను ఉదాహరణలతో వివరించండి.
2. ఫోన్ ట్యాపింగ్ సమీక్షలో న్యాయమూర్తికి స్థానం ఉండాలా? మీ అభిప్రాయాన్ని సమర్థించండి.
3. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు దారిన పోయే యువకుల ఫోన్లలో సందేశాలు వెతికారన్న వార్తలు వచ్చాయి. నాలుగు పరీక్షల ఆధారంగా ఈ చర్యను విశ్లేషించండి.