పోకర్‌లో ‘ఎందుకు కాల్ చేశావ్?’ తగాదా

“అలాంటి ముక్కలతో ఎవడైనా కాల్ చేస్తాడా?” ఆన్‌లైన్‌లో సరదాకి పోకర్ ఆడేవాళ్ల చాట్‌లో ఎక్కువగా కనిపించే కోపం ఇది. “గెలిచాను కదా” అన్నది దానికి వచ్చే జవాబు. నిజానికి ఈ రెండూ వాదనలు కావు. లెక్క వేసి చూస్తే గొడవ వేరేచోట ఉంటుంది.

టెక్సస్ హోల్డెమ్‌లో చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. బల్ల మీద నాలుగు తెరిచేసరికి మీకు మొత్తం నాలుగు ఆటీన్లు కుదిరాయనుకుందాం. ఇంకొకటి పడితే ఫ్లష్. పాట్‌లో 1,000 చిప్స్ ఉన్నాయి, ఎదుటివాడు మరో 500 పెట్టాడు. మీరు చూడని ముక్కలు 46, వాటిలో ఆటీన్లు 9. అంటే పడే అవకాశం 20 శాతానికి కాస్త తక్కువ. 1,500 కోసం 500 పెట్టాలంటే కనీసం 25 శాతం ఉండాలి. కాబట్టి వదిలేయడమే మేలు.

కానీ ఆటీన్ పడ్డాక చివరి పందెంలో ఇంకొంత రాబట్టుకోవచ్చు కదా? ఇదీ సరైన ప్రశ్నే. 46 సార్లలో 37 సార్లు 500 చొప్పున పోతే నష్టం 18,500. తొమ్మిది గెలుపుల్లో అది తిరిగి రావాలంటే ఒక్కో గెలుపుకి సుమారు 2,056 కావాలి. 1,500 ఇప్పటికే ఉంది కనుక సగటున మరో 556 రావాలి. బల్ల మీద మూడు ఆటీన్లు కనిపిస్తుంటే జాగ్రత్తగా ఆడేవాడు అంత కట్టడు. చూసేద్దాం అనుకునేవాడు కడతాడు. ఇక్కడ అంకగణితం ఆగిపోయి, మనిషిని అంచనా వేయడం మొదలవుతుంది.

ఆటగాళ్లు రెండు వర్గాలుగా చీలేదీ ఇక్కడే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ 2017లో నలుగురు వృత్తి ఆటగాళ్లను 1,20,000 చేతుల పోటీలో ఓడించాక, ఎవరూ లోపం పట్టలేని సమతూకపు ఆటే శాస్త్రీయమన్న మాట బలపడింది. ఆ పద్ధతిలో చివరి ముక్క తర్వాత సగం పాట్ పందెం కట్టేవాడు నాలుగింట ఒకటి బ్లఫ్ చేయాలి. ఎప్పుడూ ఫోల్డ్ చేయనివాడి మీద అసలు బ్లఫ్ ఎందుకని రెండో వర్గం అడుగుతుంది. సరదా ఆటల వరకు నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది.

మర్యాదల్లో చాలావాటికి మూలం ఈ లెక్కలే. ఒక చేతి గురించి సలహా అడిగేటప్పుడు చివరికి ఎవరు గెలిచారో చెప్పకూడదు. చెబితే అందరి తీర్పూ ఫలితం వైపే ఒరుగుతుంది. చేతి నడుస్తుండగా ఇతరులు సలహా ఇవ్వకూడదు. సాఫ్ట్‌వేర్‌తో ఆట తర్వాత పరిశీలిస్తే చదువు, ఆడుతూ చూస్తే మోసం. ఓడించలేని ముక్కలు పట్టుకుని గడియారం చివరిదాకా నాన్చడం చట్టవిరుద్ధమేమీ కాదు, అయినా బల్ల మీద అంతకంటే చెడ్డపేరు లేదు. బలహీనంగా ఆడేవాడిని తిట్టకూడదన్న నియమంలో కొంత స్వార్థమూ ఉంది: తిట్టు తిన్నవాడు లేచిపోతాడు, లేదా నేర్చుకుంటాడు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా నిషేధించే చట్టానికి పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఇక మిగిలేది ఉచిత చిప్స్ ఆటే. పోయేదేమీ లేనప్పుడు ఎవరూ ఫోల్డ్ చేయరు, ఆ 556 తేలిగ్గానే వస్తుంది. మొదట తప్పనిపించిన కాల్ అక్కడ ఒప్పవుతుంది, బ్లఫ్ మాత్రం వృథా.