ఏ కెఫేలో ఏ కప్పు?

సాయంత్రం ఇంటిల్లిపాదీ ‘అలా వెళ్లి ఏదైనా తాగొద్దాం’ అనుకుంటే హైదరాబాద్‌లో చోటుకు కొదవ లేదు. చార్మినార్ దగ్గరైతే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. వీధి చివరి టిఫిన్ సెంటర్లో ఫిల్టర్ కాఫీ. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు వెళ్తే కాపుచినోలు, కోల్డ్ కాఫీలు. రుచి సంగతి సరే. కప్పులో కెఫీన్, చక్కెర ఎంతున్నాయో కూడా చూసుకుంటున్నారా?

కెఫీన్ ఎంత?

రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించొద్దని భారత వైద్య పరిశోధన మండలి 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిని రూపొందించింది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80-120, ఇన్‌స్టంట్ కాఫీలో 50-65, టీలో 30-65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. చికోరీలో కెఫీన్ ఉండదు కాబట్టి అది కలిపిన పొడితో చేసే కాఫీలో కొంత తగ్గుతుంది. పెద్ద మగ్గులో రెండు షాట్లు పోస్తే లెక్క మారిపోతుంది. గర్భిణులు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది.

చక్కెర మాటేమిటి?

రోజుకు 25 గ్రాముల లోపు, అంటే ఆరు చెంచాలకు మించకుండా చక్కెర తీసుకుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇరానీ చాయ్‌లో చాలాచోట్ల చక్కెర ముందే కలిసి ఉంటుంది. పక్కనున్న బిస్కెట్లో మైదా, చక్కెర, కొవ్వు అదనం. ఐస్‌క్రీమ్, సిరప్ వేసిన కోల్డ్ కాఫీ ఒక్కటే రోజు కోటా దాటించగలదు. మధుమేహం ఉన్నవారు ఆర్డరు ఇచ్చేటప్పుడే చక్కెర వద్దని చెప్పాలి.

ఎప్పుడు తాగాలి?

ఇడ్లీ తిన్న వెంటనే కాఫీ చాలామందికి అలవాటు. అయితే కాఫీ, టీలలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, ఎదిగే ఆడపిల్లలు భోజనానికి, టిఫిన్‌కు గంట ముందు, గంట తర్వాత వీటిని మానాలి.

ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండుకు ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఇంటర్ చదివే అబ్బాయికి నిద్ర పట్టట్లేదంటే ఫోన్‌తోపాటు సాయంత్రపు కోల్డ్ కాఫీనీ అనుమానించండి. అది చల్లగా, తియ్యగా ఉన్నా కాఫీయే.

కెఫేకు వెళ్లడం మానక్కర్లేదు. చిన్న కప్పు, తక్కువ చక్కెర అడగండి. వీలైతే మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల్లోపే వెళ్లి రండి.