ఎత్తు పెంచిన ట్రక్కుకు స్టీరింగు మార్పు

1979 నుండి 1985 వరకు అమెరికాలో అమ్ముడైన టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కులకు ముందు చక్రములు రెంటిని కలుపుచు ఒకే దృఢమైన ఇరుసు ఉండెడిది. రాళ్ళదారులలో నడుపుటకై యజమానులు కమాను కట్టలు మార్చి బండిని ఎత్తు చేయుదురు. పెద్ద టైర్లు పట్టును, చూపునకును బాగుండును. చిక్కంతయు స్టీరింగులో వచ్చును.

ఆ బండిలో స్టీరింగు పెట్టె నుండి డ్రాగ్ లింకు అను కడ్డీ ఛాసీ ప్రక్కగా సాగి, ఎడమ చక్రపు నకిల్‌ను ముందు వెనుకలకు నెట్టును. లెక్కకై 30 అంగుళముల కడ్డీని తీసికొందము. అది సమతలముగా ఉన్నప్పుడు ఇరుసు 2 అంగుళములు పైకి లేచినచో దాని కొన సుమారు 0.07 అంగుళము జరుగును. బండి ఎత్తుచే కొన ముందే 4 అంగుళములు దిగియున్నచో, అదే కదలికకు 0.20 అంగుళము జరుగును. మూడింతలు! చోదకుడు త్రిప్పకుండగనే చక్రము తిరుగును. వేగముగా పోవునపుడు ఇది ప్రాణాపాయము. కొందరు స్టీరింగు డ్యాంపరు తగిలించి తృప్తిపడుదురు. అది వణకును అణచునే గాని కడ్డీ వాలును మార్పదు. మా దృష్టిలో వృథావ్యయము.

సరియైన మార్గము క్రాసోవర్ స్టీరింగు. 1986 తరువాతి స్వతంత్ర సస్పెన్షన్ ట్రక్కుల స్టీరింగు పెట్టెను తెచ్చి అమర్చుదురు. దాని పిట్‌మన్ ఆర్మ్ ప్రక్కలకు ఊగును గనుక కడ్డీ అడ్డముగా కుడి చక్రమునకు పోవును. కమాను కట్టలు ఇరుసును ప్రక్కలకు అంతగా కదలనీయవు. నకిల్ తలపై కొత్త ఆర్ములు బిగించుటచే కడ్డీ వాలు తగ్గును. టై రాడ్ కూడ కట్టలపైకి లేచి రాళ్ళ తాకిడి తప్పించుకొనును. పెట్టె కూర్చుండు చోట ఛాసీ పగులకుండ ఉక్కు పలక వెల్డింగు చేయింపవలెను. పిమ్మట ఇరుసును పైకి క్రిందికి పూర్తిగా ఆడించి, చక్రములను రెండు చివరల వరకు త్రిప్పి, కడ్డీ దేనికిని తగులుటలేదని చూచుకొనిన గాని రోడ్డెక్కరాదు.