ముందు కథ, వెనుక కథ

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలలో రాత్రివేళ హరికథ జరుగుచున్నప్పుడు ఆలస్యముగా వచ్చినవాడు జనము నడుమ చోటు చేసికొని కూర్చుండి, ప్రక్కవానిని మెల్లగా నడుగును: “కథ ఎంతవరకు వచ్చినది?” ప్రక్కవాడు విసుగుకొనడు. పాండవు లింకను లక్కయింటనే యున్నారనియో, ద్రౌపదీ స్వయంవర మప్పుడే యయిపోయినదనియో ఒక్క మాట చెప్పును. ఆ మాట చాలును. వచ్చినవాడు తక్కినవారితో కలిసి కథ వినసాగును.

అందఱకు నెఱుకయైన కథ కనుకనే ఇంత సులువుగా ఆ సహాయము జరుగును. అయినను భారతమున ఏది ముందు, ఏది వెనుక యని తరచి చూచిన కొంత చిక్కు లేకపోలేదు. మొదట మనకు జనమేజయుని సర్పయాగము వినబడును. ఆ జనమేజయు డర్జునునకు మునిమనుమడు. అనగా జరిగిన క్రమమున చివరకు రావలసినది చెప్పు క్రమమున మొదట వచ్చినది. ఏ పెద్దకథకైనను ఇట్లు రెండు వరుస లుండును. సంగతులు జరిగిన వరుస యొకటి, అవి చెప్పబడిన వరుస యొకటి. ఈ రెంటిని గూర్చియే పాఠకులలో వాదము లన్నియు పుట్టుచుండును.

తెలుగు భారతమునకు మూడవ వరుస యొకటి కలదు. అది రచింపబడిన వరుస. నన్నయ 11వ శతాబ్దమున ప్రారంభించి, అరణ్యపర్వము నడుమ విడిచెను. 13వ శతాబ్దమున తిక్కన ఆ మిగిలిన భాగము జోలికి పోక, విరాటపర్వము మొదలు పదునైదు పర్వములను రచించెను. నడుమ గండి యట్లే నిలిచెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన దానిని పూడ్చెను. పూడ్చుటయందు ఆయన చూపిన నేర్పు మెచ్చదగినది. తన పేరు ముందునకు తేక, నన్నయయే రచించుచున్నట్లు రాజరాజనరేంద్రుని పేరనే కథ సాగించెను. అతుకు కనబడకుండ అతుకుట యనిన ఇదియే. ముగ్గురు కవులు, మూడు శతాబ్దములు, అయినను చదువువానికి కథ తెగినట్లు తోచదు.

నెలనెల వెలువడు పత్రికలు వచ్చిన పిమ్మట కథ ఎంతవరకు వచ్చినదని యడుగుట కంత సులువు కాలేదు. కథ ఒకచోట అచ్చగును, పాఠకుడు మఱియొకచోట నుండును. ప్రక్కన కూర్చున్నవాడు లేడు.

1947 జూలైలో మదరాసునుండి ‘చందమామ’ వెలువడసాగెను. అందలి బేతాళకథలు చదువుటకు వరుసతో పనిలేదు. విక్రమార్కుడు ప్రతి నెలయు చెట్టుపైనుండి శవమును దింపి భుజమున వేసికొనును. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేయును. రాజు బదులు చెప్పుటతో మౌనము భంగమయి, శవముతో బేతాళుడు మరల చెట్టెక్కును. ఏ సంచిక ముందు చేతికి వచ్చినను నష్టము లేదు. అదే పత్రికలోని ధారావాహికల సంగతి వేఱు. 1954లో ‘తోకచుక్క’తో మొదలయి, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’ మొదలగు పేళ్లతో వచ్చిన ఆ కథలు ప్రతి నెలయు సరిగా ఆపద నడుమ నాగెడివి. ఒక్క సంచిక తప్పిపోయెనా, గుహలో చిక్కుకొన్న వీరుడు తటాలున నావపై కనబడును. అత డెట్లు బయటపడెనో, వెంటనున్న క్రొత్త మనిషి మిత్రుడో శత్రువో తెలియదు. జరిగిన కథను సంపాదకులు ప్రతి భాగమునకు ముందు క్లుప్తముగా చెప్పెడివారు గాని, బాలపాఠకునకు దానితో తృప్తి తీఱునా? ఆ సంచిక యున్న యింటికి పోయి, అడిగి, అక్కడనే కూర్చుండి చదివి రావలసినదే.

కొందఱు శ్రద్ధాళువులు ప్రతి సంచికనుండి ధారావాహిక పుటలను విడదీసి, వరుసగా పేర్చి, దారముతో కుట్టి అట్టవేయించెడివారు. అట్లు కుట్టిన పుస్తకము చేతులు మారి ఊరంతయు తిరుగును. అయితే ఆ పుటల వెనుకవైపున మఱియొక కథ సగ మచ్చయి యుండును! ఒక కథను కాపాడినవాడే తెలియక ఇంకొక కథను ఖండించినా డన్నమాట. నేడు పాత సంచికలను సేకరించువారికి పుటలు తెగిన ప్రతి చూచిన ప్రాణము చివుక్కుమనును. ఆ ధారావాహికలను వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యము గారు. పత్రికలో వాటిపై ఆయన పేరు వేయలేదు. కథలోని ప్రతి మలుపును కంఠస్థముగా చెప్పగల పాఠకులలో పెక్కుమంది కర్త యెవరో చిరకాల మెఱుగరు.

‘చందమామ’ ధారావాహిక ఒకరి చేతిరచన. కొంతకాలమునకు అది ముగియును. ముగింపే లేని కథ వచ్చినచో పాఠకు డేమి చేయవలెను? అమెరికా దేశమున ఆ పరిస్థితి వచ్చినది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అను నిరువురు యువకులు సృజించిన సూపర్‌మాన్ 1938లో బొమ్మల కథల పుస్తకమున కనబడెను. మఱుసటి యేడు బ్యాట్‌మాన్ వచ్చెను. ఇట్టి అతిమానుష వీరులను అక్కడ సూపర్ హీరోలందురు, వారి బొమ్మల కథలను కామిక్స్ అందురు. ఈ వీరులు రచయితల సొత్తు కారు, ప్రచురణ సంస్థల సొత్తు. కనుక ఒక రచయిత వెడలిన ఇంకొకరు, చిత్రకారుడు మారిన వేఱొకరు కథను నడపుచు వచ్చిరి. ఎనిమిది దశాబ్దములు దాటినను అవి ముగియలేదు.

1961 మొదలుకొని స్టాన్ లీ, జాక్ కర్బీ, స్టీవ్ డిట్కో మొదలగువారు మార్వెల్ సంస్థలో వెలువరించిన కథలతో చిక్కు మఱింత పెరిగెను. వారి వీరులలో పెక్కుమంది న్యూయార్కు నగరముననే యుందురు. 1962లో పుట్టిన స్పైడర్‌మాన్ వీధిలో పోవుచుండగా వేఱొక పుస్తకపు వీరు డెదురగును. ఒక పుస్తకమున జరిగిన యుద్ధపు ఫలము ఇంకొక పుస్తకమున కనబడును. అట్టిచోట సంపాదకుడు పుటయడుగున, ఈ సంగతి ఫలానా సంచికలో జరిగినదని చిన్న అక్షరములతో సూచించును. ఇట్లు అన్ని పుస్తకముల సంగతులు ఒకదానితో నొకటి పొసగుటను వారు కంటిన్యుయిటీ యందురు. పూర్వాపరముల పొందిక యని మన మనుకొనవచ్చును.

ఇన్ని చేతులు పడిన చోట పొందిక చెడకుండునా? తప్పులను పట్టుకొన్నవారు పాఠకులే. పత్రికల చివర పాఠకుల లేఖల పుట యుండెడిది. అందు లేఖ వ్రాసినవాని చిరునామా కూడ అచ్చయ్యెడిది. ఆ చిరునామా చూచి ఎక్కడో దూరమున నున్న వేఱొక పాఠకుడు, తనకు లేని సంచిక కొఱకు వానికి జాబు వ్రాయును. ఇట్లు ఒకరి ముఖ మొక రెఱుగని స్నేహములు పుట్టినవి. 1961లో జెర్రీ బెయిల్స్ అను విజ్ఞానశాస్త్రాధ్యాపకుడు తనవంటి పాఠకుల కొఱకు ‘ఆల్టర్ ఈగో’ యను చిన్న పత్రికను స్వయముగా ప్రతులు తీసి పంపసాగెను. పిమ్మట ఆయన హేమ్స్ వేర్ అను మిత్రునితో కలిసి, ఏ రచయిత, ఏ చిత్రకారుడు ఏ పుస్తకములకు పనిచేసెనో తెలుపు పట్టికను 1970ల దశకమున నాలుగు సంపుటములుగా వెలువరించెను. కూలిడబ్బుల కొఱకు చేసిన పని కాదది.

ఆ పట్టికలకు లొంగని చిక్కులును గలవు. ఫ్లాష్ అను వేగశాలి 1940లో పుట్టెను. కొంతకాలమునకు అతని పుస్తకము లాగిపోయినవి. 1956లో అదే పేరుతో వేఱొక మనిషిని క్రొత్తగా పుట్టించిరి. విచిత్రమేమనగా, ఈ క్రొత్తవాడు పాతవాని బొమ్మల పుస్తకములు చదివి ఆ పేరు పెట్టుకొన్నాడట! 1961లో ఒక కథలో ఇరువురు కలిసికొనిరి. పాతవాడు వేఱొక లోకమున నిజముగా నున్నాడని రచయిత సమర్థించెను. ఒక్క అసంగతమును కప్పుటకు ఒక లోకమునే సృష్టించుట చూడ ముచ్చటయే గాని, ఆ దారి తెఱచిన పిమ్మట లోకములు పుట్టగొడుగులవలె లేచినవి. తుదకు 1985, 1986 సంవత్సరములలో పండ్రెండు సంచికల కథ యొకటి నడపి, ఆ లోకము లన్నిటిని ఒక్కటి చేసిరి. తరువాత అవి మరల వచ్చినవి.

క్రొత్తగా చదువదలచినవాడు ఎక్కడ మొదలిడవలెను? బ్యాట్‌మాన్ వీరుడైన మొదటి సంవత్సరపు కథ 1987లో అచ్చయినది. వీరుడు పుట్టి నలువదియెనిమిది సంవత్సరము లయిన పిదప! జరిగిన వరుస పాటించువాడు దానిని మొదట చదువును. అచ్చయిన వరుస పాటించువాడు 1939 నుండి మొదలుపెట్టి, అక్కడికి చేరులోపల అలసిపోవును. అనుభవజ్ఞు లగు పాఠకులు సాధారణముగా ఈ రెంటిని ఆజ్ఞాపింపరు. అడిగినవాని రుచి కనుగొని, తనంత తాను నిలువగల కథ నొకదానిని చేతికిత్తురు. అది నచ్చినచో దాని వెనుకటిదేదో, ముందటిదేదో అతడే అడుగును.

ఒక పేరుతో రెండు రూపము లుండుట విజయనగరమునకు క్రొత్త కాదు. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కము’ 1892లో ఆ పట్టణమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. ఆయన దానిని తిరుగ వ్రాసి 1909లో ప్రకటించిరి. రెండవ కూర్పు చాల పెద్దది, మధురవాణి పాత్ర అందు మిక్కిలి పెరిగినది. తెలియక మొదటి కూర్పును తెచ్చుకొన్నవాడు తాను రంగస్థలముపై చూచిన ఘట్టముల కొఱకు వెదకి విస్తుపోవును. అది 1909 నాటి పుస్తకములో చూడుమని తెలిసినవా డొకడు చెప్పవలెను.

నాటకమునకు పేరు కలదు గనుక రెండు కూర్పులును నిలిచినవి. పత్రికలలో ఒక్కమా రచ్చయి మఱుగుపడిన వేలకొలది చిన్నకథల మాట యేమి? పత్రిక కాగితము నాసిరకము. కొన్ని దశాబ్దములకు పసుపువన్నెకు తిరిగి, ముట్టుకొన్న పొడి యగును. మిగిలినది చెదలకును, పొట్లములు కట్టువారికిని పోవును. ఆ చింతతోనే కాళీపట్నము రామారావు గారు శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిరి. ఆయన 1924లో ఆ జిల్లాలోని మురపాకలో జన్మించి, విశాఖపట్నమున చిరకాలము లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసిరి. 1964లో వెలువడిన ‘యజ్ఞము’ కథతో ప్రసిద్ధులయి, 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము నందిరి. పురస్కారముల సొమ్మును వెచ్చించి, 1997 ఫిబ్రవరి 22వ తేదీన కథానిలయమును ప్రారంభించిరి. తెలుగు కథ ఎక్కడ అచ్చయినను దాని ప్రతి అక్కడ నుండవలె ననునది ఆయన పట్టుదల. పాఠకులు తమ యిండ్లలోని పాత సంచికలను పంపిరి. రచయితలు తమ సంపుటముల నిచ్చిరి. 2021లో ఆయన కాలధర్మము నందువఱకు ఆ సంస్థయే ఆయన లోకము. అందలి పత్రికలను, కథల వివరములను నేడు అంతర్జాలమున కూడ చూడవచ్చును.

ఇట్టి పనిలో లెక్కల మాస్టారి బుద్ధి ఎంతయో అవసరము. కథాసంపుటములలో కథలు వ్రాసిన వరుసన ఉండవు. తేదీ లుండుట యరుదు. ఒకే పేరుతో ఇరువురు వ్రాసిన కథ లుండును. ఒకే రచయిత రెండు మూడు కలముపేళ్లతో వ్రాయును. అట్టపుట చినిగిపోయిన సంచిక చేతికి వచ్చినచో అది ఏ నెలదో ఎట్లు తెలియును? అందులో ఒక ధారావాహిక ఏడవ భాగ మున్నదనుకొందము. ఆఱవ భాగమున్న మంచి ప్రతి వేఱొకరి యొద్ద నుండి, దానిపై మార్చి అని యున్నచో, మాసపత్రిక గనుక ఇది ఏప్రిల్ నెలది కావలెను. ఇరువురి ప్రతులు కలిసిన గాని ఆ లెక్క తేలదు.

ఒక్క పాత సంచిక ఎంతటి మార్పు తేగలదో చూడుడు. గురజాడ వారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో అచ్చయినది. తెలుగున మొదటి కథ యదియేనని చిరకాలము పాఠ్యపుస్తకములు చెప్పినవి. కాని భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చినదని పాత సంచికలు వెదకినవారు చూపిరి. చిన్నవయసుననే మరణించిన ఆ రచయిత్రి పేరు ఆ సంచిక నశించినచో వరుసలో మొదట నిలిచెడిది కాదు. ‘దిద్దుబాటు’ శిల్పమున ఆధునికము గనుక అదే మొదటిదని వాదించువారు నేడును గలరు. ఆ వాదము శిల్పమును గూర్చి. తేదీని గూర్చి కాదు.

కథానిలయమునకు పాత పత్రికల మూట వచ్చినప్పుడు సంచిక లొక్కొక్కటి విప్పి, పత్రిక పేరు, నెల, సంవత్సరము, కథ పేరు, కర్త పేరు పట్టికలో చేర్తురు. ముందు నెలయు వెనుక నెలయు దొరకి, నడుమ నెల దొరకనిచో ఆ గడి ఖాళీగా నుండును. ఎవరి యింటి అటుకపైననో ఆ సంచిక ఉండియుండవచ్చును.