ఊక బూడిద – సిమెంటుకు తోడు

పాకాల ప్రాంతమున చెరువుల క్రింద వరి పండించు మీకు ఊక క్రొత్త గాదు. 100 కిలోల వడ్లు ఆడించినచో సుమారు 20 కిలోల ఊక వచ్చును. దానిని కాల్చినచో 4 కిలోల బూడిద మిగులును. ఈ బూడిదలో నూటికి 85 పాళ్లు, అంతకు మించియు సిలికా ఉండును. చక్కగా కాలిన బూడిదను సిమెంటులో కొంత భాగమునకు బదులుగా వాడవచ్చును.

ఎట్లనగా, సిమెంటు నీటితో కలిసి గట్టిపడునపుడు కొంత సున్నము విడుదలగును. బూడిదలోని సిలికా ఆ సున్నముతో కూడి, పట్టునిచ్చు పదార్థముగా మారును. మన పెద్దలు గానుగ సున్నములో ఇటుక పొడి కలుపుటలోని సూత్రమిదే.

దీనివలన లాభమేమి? సిమెంటు కొరకు సున్నపురాతిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చవలెను. 50 కిలోల సాధారణ సిమెంటు బస్తాకు దాదాపు 40 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఆ వాయువు పెరిగి ఎండలు ముదిరినచో ముందుగా నష్టపోవునది మెట్ట రైతే.

అయితే బూడిదలన్నియు ఒకటి కావు. 500 నుండి 700 డిగ్రీల వేడిలో కాలినది మేలు. వేడి మరీ మించినచో సిలికా స్ఫటికమై, సున్నముతో సులభముగా కలియదు. నల్లని బూడిదలో కాలని బొగ్గుండి నీటిని ఎక్కువ పీల్చును. బెల్లపు పొయ్యిలోని చెరకు పిప్పి బూడిదలో మట్టి, బొగ్గు, పొటాషు కలిసియుండును. దానిని చేనికే వేయుడు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు పి.కె. మెహతా 1970ల దశకమున ఊక బూడిద సిమెంటుపై పరిశోధించెను. మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456 (2000) కూడ, తగిన గుణము గల ఊక బూడిదను అధికారి ఆమోదముతో కాంక్రీటులో వాడవచ్చునని చెప్పుచున్నది.

వాడదలచినవారు ఇట్లు చేయవలెను:

1. తెలుపు లేక లేత బూడిద రంగు గల, మట్టి కలియని బూడిదనే ఎన్నుకొని మెత్తగా నూరించుడు. నూరువారు ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనవలెను.

2. తూకమున 9 పాళ్లు సిమెంటునకు 1 పాలు బూడిద చాలును.

3. బూడిద కలిపినదియు, కలపనిదియు 15 సెంటీమీటర్ల దిమ్మెలుగా పోసి, 28 దినముల పిదప ఇంజనీరింగు కళాశాలలో బలము పరీక్షింపించుడు.

4. మొదట అరుగు, కళ్లము, పశువుల కొట్టము నేలకు మాత్రమే వాడి, 14 దినములు తడుపుడు. మిద్దె కప్పునకు, స్తంభములకు ఇంజనీరు అనుమతి లేక వాడరాదు.

గ్రామాధికారులు పంచాయతీ పనులలోను ఈ జాగ్రత్తలు పాటింపవలెను. మంచి చెడ్డలు చూడక కలిపినచో, మీ సిమెంటు బూడిదలో పోసిన పన్నీరే!