గుండెత్తు చేతులకు పరుగును వలయును

కౌతాళము మొదలగు మన ఆదవాని సీమ గ్రామములలో బలమనగా రాతిగుండు నెత్తుటయే యని పలువురి తలంపు. గుండెత్తువాడు చెడుగుడు బరిలో దిగినచో ఒక్క కూతకే రొప్పును; కూతకు పోవువాడు గుండును మోకాలిదాక లేపజాలడు. ఒకరి విద్య నొకరు చులకన చేయుట మాత్రము నిర్విఘ్నముగా సాగుచున్నది!

మదరాసు తెలుగు కుటుంబమున జన్మించిన కోట రామస్వామిని చూడుడు. ఆయన 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో భారతదేశ పక్షమున ఆడెను. 1936లో ఇంగ్లండున టెస్టు క్రికెట్టులో తొలిసారి దిగునాటికి వయస్సు నలువది యేండ్లు. మాంచెస్టరున 40, 60 పరుగులు. ఓవలు మైదానమున 29, పిదప ఔటు కాకయే 41. టెన్నిసున అలవడిన చూపును, అడుగుల చుఱుకును ఆయనకు క్రికెట్టున అక్కరకు రాలేదని యెవరనగలరు?

నిత్యమును అవే కీళ్లపై బరువు మోపినచో అవి నొచ్చును, ఊపిరియో పెరుగదు. గుండెత్తిన మఱునాడు పరుగిడినచో నడుమునకు విశ్రాంతియు, గుండెకు పనియు లభించును. జొన్న కోసిన చేన మఱుసటి యేడు శనగ చల్లు రైతునకు ఇది క్రొత్త మాట కాదు.

గుండు పందెమునకు వెండి కడియము కట్టు భూస్వాములు బాలుర పరుగునకు రెండెకరముల బీడు విడుచుటకు వెనుదీయుచున్నారు. వచ్చు ఉగాదికి గుండెత్తి, పరుగిడి, కూతకు పోయి మూటను నిలిచిన వానికే ఆ కడియము నీయుడు.