ఎస్‌యూవీకి ఎగ్జాస్ట్ మారిస్తే పవర్ పెరుగుతుందా? డీపీఎఫ్ పీకించే ముందు ఇది చదవండి

మాది కడప జిల్లా కొండాపురం. ఇంట్లో బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ ఉంది. రోజూ అది తిరిగేది బజారుకి, రైల్వే స్టేషన్‌కి, పొలం దాకా, అంతే. రెండు నెలల కిందట డ్యాష్‌బోర్డులో డీపీఎఫ్ లైట్ వెలిగింది. సరిగ్గా అప్పుడే తమ్ముడు సైలెన్సర్ మార్చి మంచి సౌండ్ వచ్చేది వేయిద్దామని పట్టుబట్టాడు. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని ప్రొద్దుటూరులో ఒక గ్యారేజీకి పోయాం. మెకానిక్ బండి కింద ఒకసారి చూసి, "డీపీఎఫ్ పీకేద్దాం అన్నా. ఆ జాగాలో నేరుగా పైపు ఏసి, ఈసీయూలో ఆఫ్ చేస్తే మళ్లీ లైట్ వచ్చే పనే లేదు. పికప్ కూడా పెరుగుతాది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఒప్పుకునేవాడినే. రేటు విన్నాక రెండు రోజులు టైం అడిగాను. ఆ రెండు రోజుల్లో చదివి తెలుసుకున్నది, తర్వాత మా బండి మీద చూసింది ఇక్కడ రాస్తున్నా.

ముందు బండి కింద ఏముందో చూద్దాం. ఇంజిన్ నుంచి పొగ మొదట మానిఫోల్డ్‌లోకి, అక్కడి నుంచి టర్బోలోకి వస్తుంది. టర్బో దాటాక డౌన్‌పైపు. ఆ తర్వాత డీజిల్ బండిలో క్యాటలిటిక్ కన్వర్టర్, దాని పక్కనే డీపీఎఫ్ అనే మసి ఫిల్టర్ ఉంటాయి. కొన్ని మోడల్స్‌లో యాడ్‌బ్లూ చల్లే ఎస్‌సీఆర్ కూడా ఉంటుంది. చివరికి రెజొనేటర్, మఫ్లర్, టెయిల్ పైపు. మనం సైలెన్సర్ అని పిలిచేది ఆ మఫ్లర్‌నే. షాపుల్లో "క్యాట్‌బ్యాక్ కిట్" అంటే కన్వర్టర్ తర్వాత ఉన్నదంతా మార్చడం. "యాక్సిల్‌బ్యాక్" అంటే వెనక యాక్సిల్ దాటాక ఉన్న ముక్క మాత్రమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. క్యాట్‌బ్యాక్ వేస్తే పవర్ వస్తుందా? టర్బో డీజిల్‌లో అయితే, గుర్తించగలిగేంత రాదు. టర్బో ఎంత బూస్ట్ ఇవ్వాలో ఈసీయూలో ముందే రాసి ఉంటుంది. వెనక పైపు కాస్త ఫ్రీ అయినా ఈసీయూ అదే టార్గెట్ దగ్గర ఆపేస్తుంది. ఫోన్‌కి బ్యాక్ కేస్ మార్చి గేమ్‌లో ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఎదురుచూసినట్టే. పవర్ నిజంగా పెరగాలంటే టర్బో దగ్గరి పైపులు మార్చాలి, ఈసీయూని రీమ్యాప్ చేయాలి. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

"ఇంజిన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి బ్రో" అని చాలామంది అంటుంటారు. అది సగం నిజం. ఏ ఇంజిన్‌కీ ఎదురు ఒత్తిడి అవసరం లేదు. కావాల్సింది పొగ వేగం. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో, ఉదాహరణకి జిమ్నీలోని 1.5 లీటర్ ఇంజిన్‌లో, ఒక సిలిండర్ నుంచి వేగంగా వెళ్లే పొగ తన వెనక కాస్త ఖాళీని వదులుతుంది. ఆ ఖాళీ మిగిలిన పొగని లాగుతుంది. పైపు మరీ వెడల్పు చేస్తే ఆ వేగం పడిపోయి తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు తగ్గుతుంది. అందుకే లావు పైపు వేయించుకున్న కొందరు "బండి కింద గేర్‌లో డల్ అయింది" అంటారు.

సౌండ్ సంగతి వేరే. డీజిల్‌లో టర్బో, డీపీఎఫ్ రెండూ కలిసి చాలా సౌండ్‌ని ముందే మింగేస్తాయి. మఫ్లర్ తీసేస్తే యూట్యూబ్‌లో వినే గర్జన రాదు, "బూ..." అనే మోత వస్తుంది. దీన్నే డ్రోన్ అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి దాదాపు 67 సార్లు పేలుస్తుంది. అంటే 67 హెర్ట్జ్ మోత. హైవే మీద చాలా డీజిల్ ఎస్‌యూవీలు ఆ ఆర్‌పీఎం చుట్టుపక్కలే నడుస్తాయి. కంపెనీ రెజొనేటర్ ఉండేది ఇలాంటి మోతని చంపడానికే. బయట కిట్లలో దీనికి జే-పైపు పెడతారు. అది ఇయర్‌బడ్స్‌లో ఏఎన్‌సీ లాంటిదే, కాకపోతే చిప్ లేదు. ఒక పక్క మూసిన గొట్టంలోకి శబ్దం వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి, ఎదురు తరంగంగా కలిసి మోతని తగ్గిస్తుంది. వేడి పొగలో శబ్దం వేగం సెకనుకి సుమారు 500 మీటర్లు అనుకుంటే 67 హెర్ట్జ్‌కి ఆ గొట్టం దాదాపు 1.9 మీటర్లు ఉండాలి. బండి కింద అంత జాగా ఎక్కడుంది? ఈ లెక్క చూపించాక తమ్ముడు రెండు రోజులు ఆ టాపిక్ ఎత్తలేదు.

ఇక డీపీఎఫ్. మామూలు డీజిల్ కారు కిలోమీటరుకి వదలగలిగే మసి పరిమితి బీఎస్4లో 25 మిల్లీగ్రాములు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6లో అది 4.5. ఈ తేడాలో పెద్ద వాటా ఆ ఫిల్టర్‌దే. పట్టిన మసిని అది దాచుకుని, సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చి శుభ్రం చేసుకుంటుంది. దాన్నే రీజెనరేషన్ అంటారు. హైవే మీద పోతుంటే ఈ పని సాఫీగా జరుగుతుంది. మాలా రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే పైపు వేడెక్కే లోపే ఇంజిన్ ఆగిపోతుంది. ఈసీయూ అదనంగా డీజిల్ కొట్టి వేడి పెంచబోతుంది, మనం తాళం తిప్పేస్తాం. ఇలా మధ్యలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ లెవెల్ పెరిగినట్టు కనిపిస్తే సంతోషపడకండి, అది ఇదే.

అంటే మా బండిలో పార్టు పాడవలేదు. మేం వాడిన తీరుకే లైట్ వచ్చింది.

పీకేస్తే ఏమవుతుంది? ఫోన్ బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే బ్యాంక్ యాప్‌లు మొరాయిస్తాయి కదా, ఇక్కడ వారంటీ పోతుంది. ఫోన్‌ని మళ్లీ లాక్ చేసుకోవచ్చు, కోసేసిన ఫిల్టర్‌ని అతికించలేం. చట్టం సంగతి కూడా చిన్నది కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే సెక్షన్ 190 కింద 10,000 వరకు పడొచ్చు. విశాఖలో ట్రాఫిక్ పోలీసులు బైకుల సైలెన్సర్లని రోడ్డు మీద పేర్చి రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

చివరికి నేను కొన్నది ఒక ఓబీడీ-2 డాంగిల్. స్టీరింగ్ కింద ఉన్న పోర్టులో గుచ్చి, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపాను. ఐఫోన్ వాడేవాళ్లు వైఫై లేదా బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నదే తీసుకోండి, పాత బ్లూటూత్ డాంగిల్ దానికి కలవదు. యాప్‌లో ఎగ్జాస్ట్ టెంపరేచర్, డీపీఎఫ్ ముందు వెనకల ప్రెషర్ తేడా కనిపించాయి. మసి శాతం అన్ని బండ్లలోనూ చూపించదు. ఒక ఆదివారం తాడిపత్రి రోడ్డెక్కి, నాలుగో గేర్‌లో ఆర్‌పీఎం 2,000 పైన ఉంచి 25 నిమిషాలు నడిపాను. టెంపరేచర్ 600 దగ్గరికి ఎక్కింది, కాసేపటికి దిగింది. లైట్ పోయింది. ఇప్పుడు పది రోజులకోసారి అదే చేస్తున్నాం. మీ బండిలో ఇంజిన్ లైట్ కూడా వెలిగి పికప్ పడిపోతే మాత్రం ఇలా ప్రయత్నించకండి, సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. ఆయిల్ కూడా మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించండి. మసి కాలిపోతుంది కానీ బూడిద కాలదు, అది ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

మా వైపు వాళ్లకి ఇంకో మాట. శనగ కోతలప్పుడు కొందరు పంటని రోడ్డు మీదే పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. రీజెనరేషన్ నడుస్తున్నప్పుడు దాని మీదుగా పోవద్దు, ఎండు గడ్డి మీద ఆపొద్దు. కట్టె వేడి పైపుకి చుట్టుకుంటే అంటుకోవచ్చు. బండి ఆపినా ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందా, ఐడిల్ ఆర్‌పీఎం మామూలు కంటే కాస్త ఎక్కువుందా? రీజెనరేషన్ నడుస్తోందని అర్థం.

పైపు తుప్పు పట్టి నిజంగానే మార్చాల్సి వస్తే కంపెనీ స్పెసిఫికేషన్‌దే వేయించండి. స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మేచోట జేబులో ఒక అయస్కాంతం ఉంచుకోండి. 304 గ్రేడ్ అయితే వంపులు, వెల్డింగ్ దగ్గర తప్ప దాదాపు అతుక్కోదు. 409 గ్రేడ్‌కి గట్టిగా అతుక్కుంటుంది. 409 చెడ్డదేం కాదు, కంపెనీలు కూడా వాడతాయి. 304 రేటు పెట్టి 409 కొనకూడదు, అంతే. డాంగిల్‌ని మాత్రం పని అయ్యాక తీసేయండి. మర్చిపోయి వారం అలాగే వదిలేస్తే మా బండి బ్యాటరీ డౌన్ అయింది.